నాన్న పేరున నోటీసు, పిల్లల మీద దావా

ఆర్థిక సంవత్సరం ముగింపుకు వస్తున్నకొద్దీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) బకాయిల వసూలును ముమ్మరం చేస్తుంది. దానితో పాటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరూ మారుతుంది. ఈసారి అందిన వాటిలో ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచో, తాతల నుంచో సంక్రమించిన ఇళ్ల మీద, ఖాళీ స్థలాల మీద ఏళ్ల తరబడి పేరుకుపోయిన పన్నుల గురించి అడిగినవే. పన్ను బాకీ, అన్నదమ్ముల వాటాల తగాదా అనే రెండు వేరువేరు విషయాలు దాదాపు ప్రతి ఉత్తరంలోనూ కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూపడానికే ఈ జవాబుల్లో ఎక్కువ చోటు తీసుకున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మా నాన్నగారు 1986లో కాప్రాలో 300 గజాల స్థలం కొని, అందులో రెండు గదుల ఇల్లు కట్టారు. వీలునామా రాయకుండానే 2011లో కాలం చేశారు. అమ్మ అంతకు ముందే పోయింది. అన్నయ్య డాలస్‌లో, చెల్లెలు నిజామాబాద్‌లో, నేను బోడుప్పల్‌లో ఉంటున్నాం. ఇంటికి తాళం వేసి ఉంది. నాన్న ఆఖరి రోజుల నుంచి ఎవరూ పన్ను కట్టలేదు. ఆయన పేరున డిమాండ్ నోటీసులు వచ్చినా, మనిషే లేడు కదా అని పక్కన పెట్టేశాం. ఇప్పుడు నాకూ చెల్లెలికీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ‘అది నాన్న బాకీ, మనకు సంబంధం లేదు’ అంటున్నాడు అన్నయ్య. అసలు కంటే వడ్డీయే ఎక్కువ చూపిస్తున్నారు. ఈ బాకీ మా జీతాల మీదికి వస్తుందా? (ఒక పాఠకురాలు, బోడుప్పల్)

జవాబు: అమ్మా, మీ అన్నయ్య గారి మాటలో కొంత నిజం ఉంది. అయితే దాన్ని నమ్ముకుని ఊరుకుంటే నష్టపోయేది మీరు ముగ్గురూను. ఆస్తి పన్ను మనిషి తీసుకున్న చేబదులు వంటిది కాదు, అది ఆ ఇంటి మీద, ఆ నేల మీద ఉండే మొదటి చార్జి, అంటే మిగతా అప్పుల కంటే ముందు ఆ ఆస్తి నుంచే రాబట్టుకోదగిన బాకీ. యజమాని చనిపోయినంత మాత్రాన అది మాసిపోదు. నేల ఎవరికి సంక్రమిస్తే వారితో పాటే వస్తుంది. హైదరాబాద్‌లో ఆస్తి పన్నును నడిపించే 1955 నాటి కార్పొరేషన్ చట్టం, పన్ను కట్టవలసిన వ్యక్తి మరణిస్తే ఆ సంగతిని, హక్కు తమకు సంక్రమించిన సంగతిని వారసులే కార్యాలయానికి తెలియజేయాలని చెబుతుంది. మీరు తెలియజేయలేదు కనుక రికార్డులో నాన్నగారి పేరే మిగిలింది, నోటీసులూ ఆ పేరుతోనే వచ్చాయి. అందులో కార్యాలయం తప్పు వెతకడం కష్టం.

చనిపోయిన వ్యక్తినే ప్రతివాదిగా చూపి దావా వేస్తే అది చెల్లదన్నది నిజమే. కానీ మీ విషయంలో సమన్లు మీ పేరునే వచ్చాయి కనుక ఆ వాదన ఇక్కడ పనికిరాదు. ఒకవేళ నాన్నగారి పేరుతోనే వేసి ఉన్నా, ఆ లోపాన్ని చూపి కొన్ని నెలలు వాయిదా సంపాదించగలిగేవారు తప్ప బాకీ పోయేది కాదు. ఆ నెలలకూ వడ్డీ నడుస్తూనే ఉండేది.

ఇక మీ జీతాల సంగతి. ఈ లెక్కను నాన్నగారు పోయిన తేదీ దగ్గర రెండుగా కోయాలి. ఆయన బతికి ఉండగా పడిన బకాయికి మీరు చట్టబద్ధ ప్రతినిధులు మాత్రమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల ప్రకారం అలాంటి బాకీకి వారసుల బాధ్యత, వారి చేతికి వచ్చిన ఆస్తి మేరకే ఉంటుంది. కాప్రా ఇల్లు దానికి జవాబుదారీ అవుతుంది గానీ మీ జీతం, మీ సొంత సంపాదనతో కొన్నవి కావు. 2011 తరువాత పడిన పన్ను మాత్రం అలా కాదు. వీలునామా లేదు కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితం ఆయన మరణించిన క్షణం నుంచే మీ ముగ్గురికీ సమాన భాగాలుగా సంక్రమించింది. రిజిస్ట్రేషన్ జరగకపోయినా, పంపకం కాకపోయినా అప్పటి నుంచి యజమానులు మీరే. యజమానిగా మీ మీద పడిన పన్నుకు ‘నాన్న బాకీ’ అనే అడ్డు నిలవదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే బకాయిలో ఎక్కువ భాగం ఈ రెండో కోవలోదే.

వడ్డీ అసలును మించిపోయిందన్న మీ ఆశ్చర్యం సహజమే. గడువు దాటిన ఆస్తి పన్ను మీద జీహెచ్ఎంసీ నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం అపరాధ వడ్డీ వేస్తుంది. ఏడాదికి 12,000 రూపాయల పన్ను పదేళ్ల పాటు కట్టలేదనుకోండి. అసలు 1,20,000 రూపాయలు. మొదటి ఏడాది పన్ను మీద పదేళ్ల వడ్డీ, రెండో దాని మీద తొమ్మిదేళ్లది, ఇలా చక్రవడ్డీ లేకుండా కూడుతూ పోయినా స్థూలంగా 1,58,000 రూపాయలు దాటుతుంది. అన్నదమ్ములు ఎవరు ఎంత కట్టాలో తేల్చుకునేలోపు పెరిగే మొత్తం, సాధారణంగా వారు వాదించుకుంటున్న మొత్తం కంటే ఎక్కువే ఉంటుంది.

ఈ వడ్డీ విషయంలో ఒక వెసులుబాటు అప్పుడప్పుడు వస్తుంటుంది. అసలు బకాయి మొత్తాన్నీ, వడ్డీలో 10 శాతాన్నీ ఒకేసారి కడితే మిగిలిన 90 శాతం వడ్డీని మాఫీ చేసే ఏకకాల పరిష్కార పథకాన్ని, జనం ఓటీఎస్ అని పిలిచేదాన్ని, ప్రభుత్వం 2020లోనూ 2022లోనూ అమలు చేసింది. పైన చెప్పిన ఉదాహరణలో ఆ పథకం కింద కట్టవలసింది సుమారు 1,36,000 రూపాయలే. అయితే అది ప్రభుత్వం ఇచ్చినప్పుడు మాత్రమే దొరికే రాయితీ. మాకు హక్కుగా ఇవ్వండని కోర్టును అడగలేము, వచ్చే ఏడాది మళ్లీ వస్తుందిలే అని దాని కోసం కూర్చోవడం కూడా నేను సలహా ఇవ్వను. పథకం అమల్లో ఉన్న రోజుల్లో మీ చేతిలో డబ్బు ఉంటే వాడుకోండి, అంతే.

ఇప్పుడు సమన్ల విషయం. వాటితో పాటు దావా ప్రతి కూడా జత చేసి ఉంటుంది. ఏ ఏ సంవత్సరాలకు, ఏ పీటీఐఎన్ (ఆస్తికి కార్పొరేషన్ ఇచ్చే పన్ను గుర్తింపు సంఖ్య) మీద, అసలు ఎంత, వడ్డీ ఎంత అని అందులో చూడండి. సమన్లు అందిన 30 రోజుల్లో, కోర్టు అనుమతిస్తే 90 రోజుల లోపు, రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే తీర్పు, వస్తుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి మామూలుగా 30 రోజులే గడువు. మీ జవాబులో అన్నయ్య గారు కూడా మూడో వంతు హక్కుదారని, ఆయన చిరునామా ఇదని తప్పక రాయించండి. ఆయన్ని చేర్చకుండా దావా సాగితే మొత్తం భారం మీ ఇద్దరి నెత్తిన పడుతుంది. పాత సంవత్సరాల విషయంలో కాలపరిమితి అభ్యంతరం ఏమైనా ఉందేమో కూడా మీ న్యాయవాది చూడాలి. స్థిరాస్తి మీద చార్జిగా ఉన్న సొమ్ము కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టంలో 12 ఏళ్ల గడువు ఉంది కనుక, మామూలు అప్పులకు ఉండే మూడేళ్ల లెక్కను మనసులో పెట్టుకుని ధైర్యంగా ఉండకండి.

వాదనకు దిగే ముందు లెక్క సరైనదో కాదో చూసుకోవాలి. పాత మునిసిపాలిటీల ఇళ్లకు ఇది మరీ అవసరం. కాప్రా 2007లో చుట్టుపక్కల ఉన్న మరికొన్ని మునిసిపాలిటీలతో పాటు గ్రేటర్‌లో కలిసింది. ఒకే ఇంటికి రెండు పీటీఐఎన్‌లు పడిన సందర్భాలు, కూలిపోయిన గదికి కూడా పన్ను వేస్తూ వచ్చిన సందర్భాలు, తాళం వేసిన ఇంటిని దుకాణంగా లెక్కగట్టిన సందర్భాలు నా దగ్గరికి వచ్చాయి. భవనానికి పన్నును వార్షిక అద్దె విలువను బట్టి కడతారు. వాణిజ్య వాడకం అని రాస్తే లెక్క చాలా మారిపోతుంది. తేడా కనబడితే సర్కిల్ కార్యాలయంలో డిప్యూటీ కమిషనర్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఆదివారాల్లో సర్కిల్ కార్యాలయాల్లో ప్రాపర్టీ టాక్స్ పరిష్కారం పేరుతో అధికారులు కూర్చునే సందర్భాలు ఉంటాయి. ఇలాంటి లెక్కల తప్పులకు కోర్టు కంటే అదే దగ్గరి దారి. లెక్కలో తప్పేమీ లేకపోతే, కోర్టులో కేసు ఉండగా డబ్బు కట్టకూడదన్న అపోహ పెట్టుకోకుండా అసలు కట్టి, రసీదులతో కోర్టులో మెమో దాఖలు చేయించి, మిగిలిన వడ్డీ మీద లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చునేమో అడిగి చూడండి.

అన్నయ్య గారు కలిసి రాకపోతే మీరో, చెల్లెలో మొత్తం కట్టండి. చట్టప్రకారం మరొకరు కట్టవలసిన సొమ్మును, అందులో తనకూ ప్రయోజనం ఉండటం వల్ల ఒకరు కడితే, తిరిగి రాబట్టుకునే హక్కును భారత కాంట్రాక్టు చట్టం 69వ సెక్షన్ ఇస్తుంది. కట్టిన రోజు నుంచి మూడేళ్లలోగా అడగాలి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి, కట్టే ముందు ఆయనకు ఒక ఈమెయిల్ పంపండి. తోబుట్టువుల మధ్య కాగితాలెందుకని మొహమాటపడిన వారే తరువాత నా ముందు కూర్చుని వాట్సాప్ సందేశాలు వెతుక్కుంటుంటారు.

ప్రశ్న: చిక్కడపల్లిలో మా తాతగారు కట్టిన ఇల్లు ఉంది. ఆయనకు మా నాన్న, బాబాయి ఇద్దరే సంతానం. ఉద్యోగరీత్యా మేము వరంగల్‌లో ఉండిపోయాం, బాబాయి అక్కడే ఉంటున్నారు. ఆయన పన్ను రికార్డులో తన పేరు ఒక్కటే ఎక్కించుకున్నారని, ఇరవై ఏళ్లుగా తానే పన్ను కడుతున్నారని ఇప్పుడు తెలిసింది. నాన్న పోయాక మా వాటా అడిగితే, ‘పన్ను కట్టినవాడిదే ఇల్లు, కావాలంటే కోర్టుకు వెళ్లు’ అన్నారు. మా హక్కు పోయినట్టేనా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: పోలేదు. పన్ను రికార్డులో పేరు మార్పిడి, అంటే మ్యుటేషన్, పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలుసుకోవడానికి కార్యాలయం పెట్టుకున్న ఏర్పాటు. అది హక్కును పుట్టించదు, ఉన్న హక్కును తీసేయదు. రెవెన్యూ రికార్డుల విషయంలో సుప్రీంకోర్టు 1996లో సావర్ణి కేసులోనూ, మళ్లీ 2021లో జితేంద్రసింగ్ కేసులోనూ ఈ మాటే చెప్పింది. మునిసిపల్ రికార్డులకూ కోర్టులు అదే సూత్రాన్ని వర్తింపజేస్తాయి. ఇరవై ఏళ్ల రసీదులు మీ బాబాయి గారు ఆ ఇంట్లో ఉన్నారని, పన్ను కట్టారని చూపిస్తాయి. మీ నాన్నగారి సగం ఆయనకు ఎలా వచ్చిందో అవి చూపించవు.

ఆయన వైపు నుంచి రాగల గట్టి వాదన మరొకటి ఉంది. అంతకాలంగా నేనొక్కడినే అనుభవిస్తున్నాను కనుక ప్రతికూల స్వాధీనం ద్వారా ఇల్లు నాదైపోయిందని ఆయన అనవచ్చు. దీనికి జవాబు 1957 నాటి పి. లక్ష్మీరెడ్డి కేసులో ఉంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు ఒంటరిగా స్వాధీనంలో ఉండటం మిగిలిన వారి తరఫున కూడా ఉన్నట్టేనని, వారి హక్కును బాహాటంగా కాదని, ఆ సంగతి వారికి తెలిసేలా వెళ్లగొట్టినప్పుడే అది ప్రతికూలం అవుతుందని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. తెలుగునాట పుట్టిన ఆ తగాదా ఇప్పటికీ దేశమంతటా కోర్టుల్లో ఉదహరించబడుతూనే ఉంది.

మీరు జాగ్రత్త పడవలసింది కూడా ఇక్కడే. ‘కోర్టుకు వెళ్లు’ అని బాబాయి గారు అన్న రోజు నుంచి ఆయన మీ హక్కును కాదన్నట్టు లెక్క మొదలు కావచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలని కాలపరిమితి చట్టం అంటుంది. ఆ గడువు దూరంగా ఉంది కదా అని మరో దశాబ్దం మాటలతో గడపవద్దు. ముందుగా ఆ సర్కిల్ కార్యాలయంలో మీ కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తాతగారి, నాన్నగారి మరణ ధ్రువపత్రాలు జతచేసి పేరు మార్పిడి మీద అభ్యంతరం దాఖలు చేయండి. ఏ కాగితాలు చూసి మార్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. తరచుగా అక్కడ నోటరీ చేసిన ఒక అఫిడవిట్ తప్ప మరేమీ ఉండదు. ఆ తరువాత సిటీ సివిల్ కోర్టులో పంపకం దావా వేయాలి.

ఒక మాట మాత్రం మీకు నచ్చకపోవచ్చు. ఇరవై ఏళ్లు బాబాయి గారు ఒక్కరే పన్ను కట్టడం వల్లే ఆ ఇల్లు జప్తు కాకుండా నిలిచింది. పంపకంలో లెక్కలు తేల్చేటప్పుడు మీ సగానికి తగిన పన్నును ఆయన అడిగితే, అది అన్యాయమైన కోరిక కాదు. దానికి ఎదురుగా ఆయన ఒక్కరే ఇంటిని అనుభవించిన లెక్క, కింది వాటాల అద్దెలు వసూలు చేసి ఉంటే ఆ లెక్క మీరు అడగవచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక పెద్దమనిషి సమక్షంలో కూర్చుంటే చాలా కుటుంబాల్లో దావా అవసరమే రాదు. అలా కుదిరిన ఒప్పందాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు, ఆ కాగితమే హక్కులను పంచుతుంటే దాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి. ముందే నోటిమాటగా జరిగిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకున్న పత్రానికి అది అక్కరలేదని 1976లో కాలే కేసులో తేలింది గానీ, ఆ రెండింటి మధ్య గీతను నమ్ముకుని రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్చుకోమని నేను చెప్పను.

పాతబస్తీ నుంచి ఇదే విధమైన ప్రశ్న పంపిన పాఠకుడికి కూడా ఇక్కడే జవాబు. మీ నాన్నగారి మత్రూకా, అంటే ఆయన వదిలి వెళ్లిన, ఇంటికి ముస్లిం వారసత్వ నియమాలు వర్తిస్తాయి. మరణించిన వారి బాకీలకు ప్రతి వారసుడూ తన వాటాకు తగిన నిష్పత్తిలోనే బాధ్యుడు. కానీ పన్ను ఇంటి మీదే చార్జిగా ఉంది కనుక, మీ వాటా వరకు కట్టి చేతులు దులుపుకుంటే మిగిలిన బకాయికి ఇల్లు మొత్తం చిక్కులోనే ఉంటుంది. పేరు మార్పిడి, రసీదుల విషయంలో పైన చెప్పినదే మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు 1979లో పెళ్లయింది. నాన్న 2003లో చనిపోయారు. నాగోల్‌లో మా తాతల నాటి స్థలం ఇంకా పంచుకోలేదు. ఖాళీ స్థలం పన్ను బకాయి ఉందని నోటీసు వచ్చిందట. మా తమ్ముళ్లు, ‘అక్కా, నువ్వు రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) మీద సంతకం పెడితే బకాయి మేమే కట్టుకుంటాం, లేకపోతే కేసులో నీ పేరూ, బావ పేరూ వస్తాయి’ అంటున్నారు. మా వారు గుండె జబ్బు మనిషి. భయంగా ఉంది. అసలు నాకు హక్కు ఉందా? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అమ్మా, ముందు ఆ భయం గురించి చెబుతాను. మీ పుట్టింటి స్థలం మీద పన్నుకు మీ భర్తగారికి ఎలాంటి సంబంధమూ లేదు. ఆయన పేరు ఆ కేసులో రావడానికి చట్టంలో దారి లేదు. మీ పేరు వస్తే రావచ్చు. అలా వస్తే, మీరు హక్కుదారని కార్పొరేషన్ ఒప్పుకున్నట్టే.

హక్కు విషయానికి వస్తే, 1985లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన భాగం ఇస్తూ, అప్పటికే పెళ్లయిన వారిని మినహాయించింది. అందుకే మీ తరం ఆడపడుచులకు చాలామందికి ‘మాకు రాదు’ అన్న మాటే స్థిరపడిపోయింది. కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చి ఆ తేడాను తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని, కూతురు పుట్టుకతోనే హక్కుదారని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పత్రం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పంపకం పూర్తయి ఉంటే తప్ప, తమ్ముళ్లతో సమానంగా మీకు వాటా ఉంటుంది. ఇంకా పంచుకోలేదని మీరే రాశారు. ఒకవేళ ఆ స్థలం తాతల నాటిది కాక మీ నాన్నగారి స్వార్జితమైతే పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే రాదు. 1956 నుంచే ఆయన కొడుకులతో పాటు మీరూ మొదటి తరగతి వారసులు.

ఇక తమ్ముళ్లు పెట్టిన బేరం. ఖాళీ స్థలానికి జీహెచ్ఎంసీ వేసే పన్ను, ఆ స్థలం రిజిస్ట్రేషన్ విలువలో ఏడాదికి 0.50 శాతం. 300 గజాల స్థలానికి గజం రిజిస్ట్రేషన్ విలువ 20,000 రూపాయలు అనుకుంటే స్థలం విలువ 60 లక్షలు, ఏడాది పన్ను 30,000 రూపాయలు. పదేళ్ల బకాయి వడ్డీతో కలిపినా 7 లక్షలకు చేరువలో ఉంటుంది. మీతో పాటు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారనుకుంటే అందులో మీ వంతు రెండు లక్షల పైచిలుకు, స్థలంలో మీ వాటా రిజిస్ట్రేషన్ విలువ ప్రకారమే 20 లక్షలు. బజారు ధర సాధారణంగా అంతకంటే ఎక్కువే. రెండు లక్షల బాకీ తప్పించుకోవడానికి ఇరవై లక్షలు వదులుకోమని అడుగుతున్నారన్న మాట. మీ స్థలం అసలు విలువలు తెలుసుకుని ఇదే లెక్క మీరే వేసుకోండి, ఆ తరువాత తమ్ముళ్లతో మాట్లాడండి.

పుట్టింటి ఆస్తి తమ్ముళ్లకే ఉండనివ్వాలని మనసారా అనుకుంటే అది మీ ఇష్టం, దాన్ని కాదనడానికి నేనెవరిని? అలా చేసినవారిని నేను తప్పు పట్టను. నేను వద్దంటున్నది పన్ను నోటీసు చూసి భయంతో సంతకం పెట్టడాన్ని. రిజిస్టరైన రిలీజ్ డీడ్‌ను తరువాత రద్దు చేయించుకోవడం, మోసమో ఒత్తిడో రుజువు చేస్తే తప్ప సాధ్యం కాదు. ప్రస్తుతానికి తమ్ముళ్లకు ఒక ఉత్తరం రాయండి. పన్నులో నా వంతు నేను కడతాను, ఖాతా వివరాలు పంపండి అని అందులో ఉంటే చాలు. ఆ ఉత్తరం మీ హక్కుకూ, మీ సద్భావానికీ ఒకేసారి సాక్ష్యంగా నిలుస్తుంది.

నోటీసు మీద మరొక విషయం చూడాలి. ఆ స్థలంలో ఇప్పటికీ సాగు చేస్తూ, అది పూర్తిగా వ్యవసాయానికే వాడుతుంటే దానికి ఈ పన్ను పడకూడదు. నాగోల్‌లో అటువంటివి అరుదు గానీ, శివార్లలో పట్టాదారు పాసుపుస్తకం ఉన్న భూములకు కూడా నోటీసులు వచ్చాయని రాసిన పాఠకులు ఉన్నారు. వారు పహాణీ (సాగు వివరాల రెవెన్యూ రికార్డు) నకళ్లు, పాసుపుస్తకం జతచేసి అభ్యంతరం చెప్పాలి. పెద్దల పేరునే ఉన్న పట్టాను వారసుల పేరుకు మార్చుకోవడం, అంటే విరాసత్, ఇప్పుడు 2025లో వచ్చిన భూభారతి చట్టం కింద జరుగుతుంది.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నాను. హైదరాబాద్‌లో నాన్నగారి ఇంటి మీద పన్ను కేసు నడుస్తోంది. నేను రాకుండా పని జరుగుతుందా? (పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: జరుగుతుంది. నమ్మకమైన మనిషి పేరున, ఈ కేసు వరకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయండి, లేదా నోటరీ ముందు సంతకం చేసి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించండి. ఆ పత్రం భారతదేశంలో అందిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఈ సంగతి మరచిపోయి, సమయానికి కోర్టులో పత్రం పనికిరాక తిప్పలు పడేవారు ఎందరో. అమ్మే అధికారం అందులో ఇవ్వవద్దు. బకాయి కట్టడానికైతే పవర్ ఆఫ్ అటార్నీ కూడా అక్కరలేదు. పీటీఐఎన్ తెలిస్తే ఎవరైనా ఎక్కడి నుంచైనా ఆన్‌లైన్‌లో కట్టవచ్చు. ఏప్రిల్ 30 లోగా ఆ ఏడాది పన్ను కడితే 5 శాతం రాయితీ కూడా ఉంటుంది, అయితే అది పాత బకాయిలకు వర్తించదు.

ప్రశ్న: మా అమ్మగారి నుంచి వచ్చిన ఇంటిని అమ్మాలనుకుంటున్నాం. పన్ను బకాయి మీద కేసు ఉంది. ‘కొన్నవాడే కట్టుకుంటాడు, ధర తగ్గించండి’ అని మధ్యవర్తి అంటున్నాడు. అలా చేయవచ్చా? (పాఠకుడు, అమీర్‌పేట)

జవాబు: కొనేవారికి కేసు సంగతి, బకాయి మొత్తం చెప్పి, సేల్ డీడ్‌లో స్పష్టంగా రాసుకుంటే చేయవచ్చు. దాచిపెట్టి అమ్మితే మాత్రం చిక్కుల్లో పడేది మీరే. చార్జి ఉన్న సంగతి తెలియకుండా డబ్బు పెట్టి కొన్నవారి మీద ఆ చార్జి సాగదని ఆస్తి బదిలీ చట్టంలోని నూరవ సెక్షన్ చెబుతుంది. 1971లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు మునిసిపల్ పన్నుకు కూడా దాన్ని వర్తింపజేసింది. అలాంటి రక్షణ వారసులకు లేదు, ఎందుకంటే మీరు డబ్బు పెట్టి కొనలేదు, సంక్రమించిన దాన్ని తీసుకున్నారు. కొన్నవారు ఆ కారణంతో తప్పించుకుంటే కార్పొరేషన్ మీ యాజమాన్య కాలపు పన్ను కోసం మీ దగ్గరికే వస్తుంది. తప్పించుకోలేకపోతే కొన్నవారు సేల్ డీడ్‌లోని ‘ఎలాంటి బకాయిలూ లేవు’ అన్న వాక్యం పట్టుకుని మీ మీద దావా వేస్తారు.

నా సలహా ఏమిటంటే, బయానా తీసుకునే రోజునే అందులో నుంచి బకాయి మొత్తం కార్పొరేషన్‌కు నేరుగా చెల్లించే ఏర్పాటు ఒప్పందంలో రాయించండి. చెల్లించిన రసీదు, కోర్టులో కేసు ముగిసినట్లు ఉత్తర్వు ప్రతి వచ్చాకే రిజిస్ట్రేషన్‌కు తేదీ పెట్టుకోండి. అమ్మగారి వారసులందరూ ఆ పత్రం మీద సంతకం చేయాలి. మధ్యవర్తి ఒకరిద్దరి సంతకాలతో పని అవుతుందంటే, అతన్ని మార్చండి.